మిల్లు, మగ్గం, బీడీ: షోలాపూర్ తెలుగువారి పేదరికాన్ని వ్యాపారం ఎంతవరకు తగ్గించింది?

పేద దేశాల్లో పేదరికాన్ని తగ్గించేది ప్రభుత్వమా, ప్రైవేటు వ్యాపారమా అన్న చర్చ చాలాకాలంగా నడుస్తోంది. దానికి జవాబు వెతకడానికి షోలాపూర్ తెలుగువారు దూరం పోనక్కరలేదు. నూట యాభై ఏళ్ళలో మన పేటల చుట్టూ మూడు రకాల ప్రైవేటు వ్యాపారం నడిచింది. ఒకటి పెద్ద బట్టల మిల్లు, రెండోది ఇంటి వెనక నడిచే మగ్గం, మూడోది బీడీ. మిల్లులో అన్ని కులాలవారూ, మతాలవారూ ఉండేవారు. మగ్గంలోనూ బీడీలోనూ మాత్రం తెలంగాణ నుంచి వచ్చిన మనవాళ్ళదే, ముఖ్యంగా పద్మశాలి కుటుంబాలదే, ఎక్కువ పాలు. మూడు వ్యాపారాలూ లాభం కోసం పెట్టినవే. అయినా మూడింటి ఫలితం ఒకటి కాలేదు. మిల్లు వేలమందికి జీతమిచ్చి ఒకరోజు గేటు మూసేసింది. మగ్గం కూలివాళ్ళలో కొందరిని యజమానులను చేసింది. బీడీ ఎవరినీ యజమానిని చేయలేదు, కాని చాలా ఇళ్ళను నిలబెట్టింది. ఈ తేడా ఎక్కడ వచ్చిందో తెలుసుకోవడం మన పిల్లలకు అవసరమని, ఇప్పుడు పింఛను కోసం తిరుగుతున్న మన అక్కలకు ఇంకా అవసరమని మా సంఘం భావిస్తోంది.

ఇతర రాష్ట్రాల పాఠకుల కోసం ఒక మాట. షోలాపూర్ మహారాష్ట్ర దక్షిణ భాగంలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న నగరం. బజారులో మరాఠీ, కన్నడం, తెలుగు, ఉర్దూ నాలుగూ వినిపిస్తాయి. తూర్పు వైపు పేటల్లో తెలుగు మాట్లాడి రోజంతా గడపవచ్చు. ఈ నగరం నుంచి గంగాధర్ కుచన్ 1980లోనూ 1984లోనూ, లింగరాజ్ వల్యాల్ 1996లోనూ లోక్‌సభకు వెళ్ళారు. ఇద్దరూ మన తెలుగువారే. శ్రావణ పౌర్ణమి నాడు మార్కండేయ మహాముని రథోత్సవానికి ఊరంతా కదులుతుంది. ఇంత పెద్ద జనం ఇక్కడికి ఎలా చేరారన్నది మొదటి ప్రశ్న.

వలస, కార్ఖానా

పేష్వాల కాలం నుంచే తెలుగు నేతగాళ్ళు షోలాపూర్‌లో ఉన్నారు. పెద్ద వలస మాత్రం తర్వాత వచ్చింది. 1860లో ఇక్కడికి రైలు వచ్చింది. విదేశీ మిల్లు బట్ట, ఆ తర్వాత బొంబాయి మిల్లు బట్ట తెలంగాణ పల్లెల్లో మగ్గం మీద బతికేవారి పొట్ట కొట్టాయి. 1876 నుంచి 1878 వరకు దక్కనును కరవు పీడించింది. నిజాం రాజ్యంలో పన్నులూ వెట్టీ దానికి తోడయ్యాయి. షోలాపూర్ నిజాం సరిహద్దుకు ఆనుకొని ఉన్న బ్రిటిషు ఊరు. నూలు ఇక్కడ దొరికేది, చీరకు ఇక్కడ బేరం ఉండేది. కరీంనగర్, నల్లగొండ, పాలమూరు, వరంగల్ వైపుల నుంచి కుటుంబాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి.

వచ్చినవారికి మొదట పని ఇచ్చింది కార్ఖానాదారు. ఇతడు కూడా చాలాసార్లు మనవాడే. నాలుగైదు మగ్గాల నుంచి కొన్ని పదుల మగ్గాల వరకు ఒక కొట్టంలో పెట్టి నేయించేవాడు. వచ్చిన కుటుంబానికి దారి ఖర్చు, తిండి గింజలు, పెళ్ళి ఖర్చు అప్పుగా ఇచ్చి పద్దు రాసుకొనేవాడు. మగవాడు నేస్తే, ఆడవాళ్ళూ పిల్లలూ కండెలు చుట్టేవారు. వారి పనికి వేరే కూలి ఉండేది కాదు, మగవాడి కూలిలోనే కలిసిపోయేది. అప్పు తీరేదాకా కార్ఖానా మారడానికి వీల్లేదు. ఆ రోజుల్లో పస్తు తప్పించింది ఈ కార్ఖానాదారే, కట్టేసింది కూడా అతడే. రెండూ నిజమే కాబట్టి ఏదో ఒకటే చెప్పి ఊరుకోవడం మాకు ఇష్టం లేదు.

మిల్లు గేటు

బొంబాయి వ్యాపారి మొరార్జీ గోకుల్‌దాస్ పెట్టిన షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు 1877లో పని మొదలుపెట్టింది. ఊళ్ళో దానికి జూనీ మిల్లు, అంటే పాత మిల్లు అని పేరు. తర్వాత లక్ష్మీ, విష్ణు, నర్సింగ్ గిర్జీ వంటి మిల్లులు వచ్చాయి. బొంబాయి రాజధానిలో బట్టల మిల్లులున్న ముఖ్య పట్టణాల్లో షోలాపూర్ ఒకటయింది. మిల్లు కూలి నెలకొకసారి చేతికి వచ్చేది, భోంగా కూతతో రోజు మొదలయ్యేది. కార్ఖానా పద్దుల నుంచి బయటపడాలనుకున్న కుర్రవాడికి మిల్లు ఒక దారి చూపింది.

అయితే 1949 ఆగస్టులో పాత మిల్లు మూతపడింది. యాజమాన్యం సరిగా నడపకపోవడం వల్ల వేలమంది కార్మికులు వీధిన పడ్డారు. 1950 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఒక ఆర్డినెన్స్ తెచ్చి మిల్లు నిర్వహణను తన చేతిలోకి తీసుకుంది. దాని మీద ఒక వాటాదారు సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. రాజ్యాంగం అమలైన మొదటి ఏడాదే వచ్చిన ఆ చరణ్‌జిత్ లాల్ కేసు, తర్వాతి ద్వారకాదాస్ శ్రీనివాస్ కేసు, నేటికీ న్యాయశాస్త్రం చదివే పిల్లలకు పాఠాలు. మన ఊరి మిల్లు పేరు అలా దేశమంతా తెలిసింది. కాని ఆ రెండు కేసుల్లో వాదమంతా వాటాదారుల ఆస్తి హక్కు మీద, సమాన హక్కు మీద జరిగింది. గేటు బయట నిలబడ్డవాడి బతుకు మీద కాదు. మిల్లు మళ్ళీ తెరిచారు, 1960లలో మళ్ళీ మూశారు. ఇరవయ్యో శతాబ్దం ముగిసేసరికి ఊళ్ళో పెద్ద మిల్లుల కథ దాదాపు ముగిసిపోయింది. బొంబాయిలోనూ 1982 జనవరిలో మొదలైన సమ్మె తర్వాత వర్లీ, లోయర్ పరేల్ ప్రాంతాల తెలుగు మిల్లు కార్మికులకు ఇదే గతి పట్టింది.

మిల్లులో పనిచేసినన్నాళ్ళు మనిషి పేదరికం తగ్గింది. మిల్లు పోగానే అతడు మళ్ళీ మొదటికి వచ్చాడు. చేతిలో మిగిలింది పని తెలిసిన చెయ్యి ఒక్కటే.

కూలివాడు యజమాని అయిన మగ్గం

ఆ చెయ్యే తర్వాతి కథకు మూలధనం. మిల్లులు పాత మగ్గాలను తీసేసి అమ్మినప్పుడు కొన్నవారిలో మిల్లు జాబర్లూ, పాత కార్ఖానాదారుల కొడుకులూ, కూడబెట్టుకున్న నేతగాళ్ళూ ఉన్నారు. కరెంటు మగ్గం ధర మిల్లు ధరలాంటిది కాదు. అన్నదమ్ములు ఇద్దరు కలిసి, ఆలి పుస్తెలు కుదువబెట్టి, రెండు మగ్గాలు కొనగలిగేవారు. ఇంటి వెనక రేకుల కొట్టంలో బిగించేవారు. పగలు అన్న, రాత్రి తమ్ముడు. రెండు నాలుగయ్యాయి, నాలుగు ఎనిమిదయ్యాయి.

ఈ మగ్గాల మీదే షోలాపూర్ చద్దర్ దేశానికంతటికీ తెలిసింది. జకార్డ్ అట్టల మీద గుద్దిన రంధ్రాలను బట్టి పడుగు దారాలు లేచి దిగుతుంటే, దుప్పటికి రెండు వైపులా నెమలి, ఏనుగు, పువ్వు తేలుతాయి. తువ్వాలుకు పడుగులు రెండు. ఒకటి బిగువుగా ఉండి బట్టను పట్టుకుంటుంది, రెండోది వదులుగా ఉండి కుచ్చులు వేస్తుంది, నీళ్ళు పీల్చేది ఆ కుచ్చులే. షోలాపూర్ చద్దరుకూ టెర్రీ తువ్వాలుకూ భౌగోళిక గుర్తింపు వచ్చింది. మహారాష్ట్రలో ఆ గుర్తింపు ముందుగా పొందినవాటిలో ఇవి ఉన్నాయి. తువ్వాళ్ళు విదేశాలకు కూడా పోతున్నాయి.

పేదరికం తగ్గడం గురించి మాట్లాడేటప్పుడు ఈ మగ్గం కథలో మేము గమనించిన విషయం ఒకటుంది. వ్యాపారి ఇచ్చే జీతం కన్నా, అతని దగ్గర నేర్చుకున్న పని ఎక్కువ కాలం నిలుస్తుంది. అయితే ఆ పని గేటు దాటి బయటికి వచ్చి సొంతంగా నిలబడాలంటే, యంత్రం సామాన్యుడు కొనగలిగేంత చిన్నదై ఉండాలి. సిరిసిల్లలో కరెంటు మగ్గాలు పెరగడం వెనక షోలాపూర్, భివండీ వెళ్ళి పని నేర్చుకొని తిరిగి వచ్చినవారి పాత్ర ఉందన్నది అందరికీ తెలిసిందే. ఇక్కడి కూలి అక్కడ విత్తనమైంది. 2017 నుంచి కొన్నేళ్ళపాటు బతుకమ్మ చీరల సర్కారు ఆర్డర్లు సిరిసిల్ల మగ్గాలను ఎలా నడిపించాయో, ఆర్డరు ఆలస్యమైనప్పుడు అవే మగ్గాలు ఎలా ఆగాయో కూడా మన బంధువుల ఇళ్ళలో విన్నాం.

ఇలాంటిదే బంగ్లాదేశ్‌లో ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. 1979లో దేశ్ గార్మెంట్స్ అనే ప్రైవేటు కంపెనీ కొరియాకు చెందిన దేవూతో ఒప్పందం చేసుకొని 130 మందిని కుట్టుపని, ఎగుమతి పని నేర్చుకోవడానికి కొరియా పంపింది. తిరిగి వచ్చినవారిలో అత్యధికులు కొన్నేళ్ళలో ఆ కంపెనీని వదిలి, కొందరు సొంత ఫ్యాక్టరీలు పెట్టారు, కొందరు ఇతరుల ఫ్యాక్టరీలను నిలబెట్టారు. ఈ రోజు ఆ దేశం ఎగుమతుల్లో సింహభాగం కుట్టిన బట్టలే. లక్షల మంది ఆడపిల్లలకు మొదటిసారి సొంత జీతం వచ్చింది ఆ పనితోనే. అదే దేశంలో 2013 ఏప్రిల్ 24న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ముందురోజు గోడలు పగుళ్ళిచ్చినా లోపలికి వెళ్ళమని ఒత్తిడి చేశారు. ఈ రెండు సంగతులనూ విడదీసి చెప్పేవారిని మేము నమ్మలేము.

మన మగ్గాల్లోనూ చీకటి కోణం ఉంది. రెండు మగ్గాలవాడు ఇరవై మగ్గాలవాడైన చోట, అతని కింద పనిచేసేవాడు ఎక్కడున్నాడు? పన్నెండు గంటల పాళీ, నేసినంతకే కూలి, కరెంటు పోతే కూలి లేదు. ప్రావిడెంట్ ఫండ్ చట్టం సాధారణంగా ఇరవై మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే సంస్థకు వర్తిస్తుంది. కాబట్టి ఒకే కప్పు కింద ఉన్న మగ్గాలను భార్య పేర, తమ్ముడి పేర, కొడుకు పేర విడగొట్టి చూపడం మొదలైంది. అందరూ ఇలా చేశారని మేము అనడం లేదు. చేసినవారు మాత్రం తక్కువేం కాదు. వారిలో చాలామంది నాన్నలు ఒకప్పుడు కూలివాళ్ళే. యజమానుల వైపు మాట కూడా ఉంది. పానిపట్ నుంచి చవక దుప్పట్లు వస్తున్నాయి, నూలు ధర వారానికొక తీరుగా ఉంటోంది, ఇంటి కార్ఖానాకు బ్యాంకు రుణం దొరకడం కష్టం. ఇవన్నీ నిజమే. కాని ముప్పై ఏళ్ళు పాళీ చేసిన మనిషి అరవై ఏళ్ళకు ఖాళీ చేతులతో ఇంట్లో కూర్చోవడం కూడా నిజమే. భర్త మగ్గం మీద, భార్య బీడీ మీద బతికిన ఇళ్ళు మన పేటల్లో లెక్కలేనన్ని. ముసలితనంలో పింఛను వస్తున్నది ఎక్కువగా భార్యకే. ఇది ఎలా సాధ్యమైందో చూద్దాం.

బీడీ: చాట మీద నడిచిన ఫ్యాక్టరీ

బీడీ పని చూడని పాఠకుల కోసం కొంచెం వివరంగా చెబుతాం. పొద్దున్నే ఆడవాళ్ళు బుట్టలతో కార్ఖానాకు వెళ్ళి, చుట్టిన బీడీలు అప్పజెప్పి, మర్నాటికి తునికాకు, పొగాకు, దారం తెచ్చుకుంటారు. ఆకును నీళ్ళలో నానబెట్టి, తడిగుడ్డలో చుట్టి, రేకు ముక్కను కొలతగా పెట్టి కత్తెరతో కోస్తారు. ఒళ్ళో చాట పెట్టుకొని, ఆకులో పొగాకు వేసి చుట్టి, దారం కట్టి, మూతి మడుస్తారు. తర్వాత కట్టలు కడతారు. వెయ్యి బీడీలు కావాలంటే ఒక మనిషికి ఒక రోజు నిండా పని. చాలా ఇళ్ళలో బడి నుంచి వచ్చిన ఆడపిల్ల ఆకు కోస్తుంది, అత్త మూతులు మడుస్తుంది. కార్ఖానాలో లెక్క చూసే గుమాస్తా బాగాలేవన్న బీడీలను ఏరి పక్కన పడేస్తాడు. వాటికి కూలి లేదు. ఆకు చెడ్డదిచ్చి, బీడీ చెడిందంటే ఎవరికి చెప్పుకోవాలి?

వ్యాపారపరంగా ఇది ఎంత చవకో గమనించండి. ఫ్యాక్టరీ కట్టక్కరలేదు. నేల, దీపం, చాట, కత్తెర అన్నీ కార్మికురాలివే. పని లేని రోజు యజమానికి ఒక్క పైసా ఖర్చు లేదు. మగ్గం కొన్నట్టు ఆమె ఏ యంత్రమూ కొని యజమానురాలు కాలేదు. ఎందుకంటే లాభమున్నది చుట్టడంలో కాదు. అది పొగాకు కలపడంలో, ముద్రలో, అమ్మకంలో ఉంది. కాబట్టి వ్యాపారాన్ని దాని దారిన వదిలేస్తే, బీడీ మన ఇళ్ళకు ఇచ్చేది రోజుకూలి ఒక్కటే. పూట గడుస్తుంది, పేదరికం గడవదు.

వదిలేయలేదు కాబట్టి కథ మారింది. 1966లో బీడీ, సిగార్ కార్మికుల చట్టం వచ్చింది. ఇంట్లో చుట్టే స్త్రీని కూడా కార్మికురాలిగా గుర్తించి, లాగ్‌బుక్కు, జీతంతో సెలవు, ప్రసూతి సౌకర్యం, ఇష్టమొచ్చినట్టు బీడీలు తీసివేయకుండా హద్దు ఏర్పరిచింది. యజమానులు కోర్టుకు వెళ్ళారు. 1974లో మంగళూరు గణేశ్ బీడీ కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. 1976లో బీడీ మీద సెస్సు వేసి, ఆ డబ్బుతో కార్మికుల సంక్షేమ నిధి ఏర్పాటు చేశారు. వైద్యశాలలు, పిల్లలకు స్కాలర్‌షిప్పులు, ఇళ్ళకు సాయం అందులో నుంచే వచ్చాయి. 1977లో బీడీ పరిశ్రమను ప్రావిడెంట్ ఫండ్ కిందికి తెచ్చారు.

మళ్ళీ కోర్టు. ఇంట్లో తన ఇష్టం వచ్చిన వేళ చుట్టుకొనే ఆడమనిషి మా ఉద్యోగి ఎలా అవుతుంది, ఆమె మీద మా అజమాయిషీ ఎక్కడుంది అని యజమానులు వాదించారు. 1985లో పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన జవాబును మన ప్రతి బీడీ కార్మికురాలూ తెలుసుకోవాలి. తెచ్చిన బీడీలను పరీక్షించి, నచ్చనివాటిని తీసివేసే అధికారం మీకుంది కదా, అదే అజమాయిషీ అని కోర్టు తేల్చింది. గుమాస్తా ఏ చేత్తో బీడీలు పక్కన పారేసి మన అక్కల కళ్ళలో నీళ్ళు తెప్పించాడో, ఆ పనే వారికి ప్రావిడెంట్ ఫండ్ సంపాదించి పెట్టే రుజువైంది.

అక్కడి నుంచి కూలి డబ్బు కొంత కొంతగా నిలవ కావడం మొదలైంది. ఆమె వాటా, యజమాని వాటా కలిసి పిల్ల పెళ్ళికో, పిల్లవాడి ఇంజనీరింగుకో, ఇంటికో పనికొచ్చాయి. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే స్కాలర్‌షిప్పు ఒకటో తరగతిలో ఏడాదికి వెయ్యి రూపాయల దగ్గర మొదలై వృత్తివిద్యలో పాతికవేల దాకా ఉంది. నగరం పక్కన కుంభారీలో బీడీ కార్మిక స్త్రీల కోసం పదివేల ఇళ్ళ కాలనీ లేచింది. గోదుతాయి పరులేకర్ పేరు పెట్టిన ఆ ఇళ్ళను 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి అప్పగించారు. దాని కోసం ఏళ్ళ తరబడి పోరాడింది కార్మిక సంఘాలు, ముందు నిలిచింది మాజీ ఎమ్మెల్యే ఆడం నర్సయ్య. ఆ తర్వాత రాయ్‌నగర్‌లో మగ్గం, బీడీ, ఇతర అసంఘటిత కార్మికుల కోసం ముప్పైవేల ఇళ్ళ పథకం మొదలై, మొదటి విడతగా పదిహేనువేల ఇళ్ళను 2024 జనవరి 19న ప్రధాని నరేంద్ర మోదీ అప్పగించారు. పార్టీలు ఏవైనా, అద్దె ఇంట్లో పుట్టి అద్దె ఇంట్లో చనిపోయే రాత నుంచి వేల కుటుంబాలు బయటపడ్డాయి. వ్యాపారం పని ఇచ్చింది, చట్టం దాన్ని ఉద్యోగమని పిలిచింది, సంఘం ఆ రెండింటినీ అమలు చేయించింది. మగ్గానికి రెండోదీ మూడోదీ గట్టిగా అందలేదు. తేడా అంతా అక్కడే ఉందన్నది మా అభిప్రాయం.

బీడీని పొగడడం మా ఉద్దేశం కాదు. తాగినవాడి ఊపిరితిత్తులు పోతాయి. చుట్టినావిడకు పొగాకు దుమ్ముతో దగ్గు, వంగి కూర్చొని నడుంనొప్పి, కత్తెరతో వేళ్ళు కాయలు. మన అక్కలే కూతుళ్ళతో చాట పట్టించడం మానేశారు, అది మంచి పనే. సిగరెట్టు, బీడీ, గుట్కాల మీద 2003లో వచ్చిన చట్టం, పెట్టె మీద పెద్ద బొమ్మల హెచ్చరికలు, 2017లో బీడీ మీద 28 శాతం జీఎస్టీ, వీటన్నిటితో పని తగ్గుతూ వచ్చింది. వారానికి ఆరు రోజుల పని నాలుగు రోజులైన ఇళ్ళు మాకు తెలుసు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి బీడీ మీద పన్నును 18 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది. దానితో పని పెరుగుతుందని కార్ఖానావారు అంటున్నారు, చూడాలి. జీఎస్టీ వచ్చినప్పుడే 1976 నాటి సెస్సు రద్దయింది. సంక్షేమ పథకాలకు డబ్బు ఇప్పుడు బడ్జెట్ నుంచి రావాలి. బీడీ మీద వేసిన పైసా బీడీ కార్మికురాలికే అన్న నేరు సంబంధం తెగిపోయింది. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి రావడంతో 1966 నాటి బీడీ చట్టం కూడా విడిగా లేకుండా వాటిలో కలిసిపోయింది. కాబట్టి పాత కాగితాల విలువ ఇప్పుడు తగ్గలేదు, పెరిగింది.

కాగితాల సంగతి

మా సంఘం కార్యాలయానికి వచ్చే పనుల్లో ఎక్కువ భాగం పేరు తేడాలవే. తెలంగాణలో మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. మహారాష్ట్రలో అసలు పేరు, భర్త పేరు, ఇంటిపేరు. కార్ఖానా రిజిస్టరులో గుమాస్తా చెవికి విన్నట్టు మరాఠీలో రాశాడు. లక్ష్మి లక్ష్మీబాయి అయింది. పెళ్ళయ్యాక అత్తవారు పెట్టిన కొత్త పేరు రేషన్ కార్డులో ఎక్కింది. ఆధార్ తీసుకున్నప్పుడు ఇంగ్లీషు స్పెల్లింగు ఇంకో తీరుగా పడింది. ఒకే మనిషికి నాలుగు పేర్లు. పుట్టిన తేదీ సంగతి చెప్పనక్కరలేదు, సగం మందికి జూన్ 1. కంప్యూటరుకు ఇవన్నీ వేర్వేరు మనుషులు. ముప్పై ఏళ్ళ సర్వీసు ఉండి కూడా ఫండ్ డబ్బు ఆగిపోయేది ఇక్కడే. దీనికి జాయింట్ డిక్లరేషన్ ద్వారా సవరణ చేయించుకోవాలి. అందులో కార్మికురాలితో పాటు యజమాని ధ్రువీకరణ కూడా సాధారణంగా అవసరం. కార్ఖానా నడుస్తున్నప్పుడే చేయించుకుంటే సులువు, మూతపడ్డాక చాలా కష్టం.

పింఛను గురించి ఒక హెచ్చరిక. 1995 నాటి పింఛను పథకంలో నెలనెలా పింఛను రావాలంటే పదేళ్ళ సర్వీసు ఉండాలి, పూర్తి పింఛను 58 ఏళ్ళకు వస్తుంది. కనీస పింఛను 2014 సెప్టెంబరు నుంచి నెలకు వెయ్యి రూపాయలు. ఇది చాలా తక్కువని, పెంచాలని అన్ని సంఘాలూ అడుగుతున్నాయి, మేమూ అడుగుతున్నాం. అయినా ఒంటరి ముసలమ్మకు ఆ వెయ్యి మందుల ఖర్చు. కొందరు ఎనిమిది, తొమ్మిదేళ్ళకే పని మానేసి, ఎవరో చెప్పారని పింఛను సొమ్ము కూడా తీసేసుకుంటారు. అలా తీసుకుంటే ఆ సర్వీసు లెక్కలో నుంచి పోతుంది. దాని బదులు స్కీం సర్టిఫికెట్ తీసుకుంటే, తర్వాత మరో కార్ఖానాలో చేరినప్పుడు పాత ఏళ్ళు కలుస్తాయి. డబ్బు తీసే ముందు ఈ ఒక్క విషయం అడిగి తెలుసుకోండి. అలాగే, సభ్యురాలు పనిలో ఉండగా చనిపోతే కుటుంబానికి బీమా సొమ్ము కూడా వస్తుంది. ఫండ్ డబ్బు ఒక్కటే వస్తుందనుకొని చాలా ఇళ్ళవారు దాన్ని అడగనే అడగరు. నామినీ పేరు పెళ్ళికి ముందు రాసిన అమ్మ పేరే ఉండిపోతే, ఇప్పుడే మార్పించండి.

మగ్గం మీద పనిచేసే అన్నలకు, తమ్ముళ్ళకు చెప్పేది ఇంకో తీరు. మీ పేరు ఏ రిజిస్టరులోనైనా ఉందో లేదో ముందు కనుక్కోండి. ప్రావిడెంట్ ఫండ్ లేకపోయినా కేంద్రం వారి ఈ-శ్రమ్‌లో నమోదు చేసుకోవచ్చు. యజమాని మనవాడే, రథోత్సవంలో పక్కపక్కనే నడుస్తాం, ఎలా అడగడం అని మొహమాటపడేవారు చాలామంది ఉన్నారు. మొహమాటానికి పింఛను రాదు. యజమానులుగా ఉన్న మన సభ్యులకు కూడా మేము ఇదే చెబుతున్నాం. మీ తాతకు కార్ఖానాదారు పద్దు ఎలా ఉండేదో మీ ఇంట్లో పెద్దవారిని అడిగి చూడండి.

ఆదివారం ఉదయం సంఘం కార్యాలయంలో ఈ కాగితాలు చూసి చెప్పే ఏర్పాటు ఉంది, రుసుము లేదు. వచ్చేటప్పుడు ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, బీడీ కార్డు, లాగ్‌బుక్కు పాతవి కొత్తవి అన్నీ, రేషన్ కార్డు తీసుకురండి. జిరాక్సులు రెండేసి చేయించి, అసలు కాగితాలు మాత్రం ఎవరి చేతిలోనూ వదిలిపెట్టకుండా మీ సంచిలోనే ఉంచుకోండి.